వెనకబల్ల మేడమ్

ఆ ల్యాబ్‌లో పిల్లలు ఆ పెద్దావిడకి పెట్టిన పేరు వెనకబల్ల మేడమ్. ప్రతి గురువారం రెండు బస్సులు మారి వస్తుంది, చివరి బల్ల దగ్గర ఎత్తు స్టూలు మీద కూర్చుంటుంది, నోరు విప్పదు. విప్పకపోవడమే ఆవిడ ఉద్యోగం. బయోకెమిస్ట్రీ ల్యాబుని వంటల పుస్తకంలా కాకుండా పరిశోధనలా ఎలా నడపాలో ఇతర కాలేజీల లెక్చరర్లకి దగ్గరుండి నేర్పడానికి ఆవిడని వేశారు. లెక్చరరు తడబడ్డా అడ్డుపడకూడదు, తనంతట తానే లేవాలి అన్నది ఆవిడ పెట్టుకున్న నియమం.

ఇక్కడి లెక్చరరమ్మ ఏం తక్కువది కాదు. ఏళ్ల తరబడి అవే ప్రయోగాలు చేయించి, నిద్రలో లేపినా జవాబులు అప్పజెప్పగలదు. అలాంటి మనిషిని జవాబు ఎవరికీ తెలియని ప్రయోగం చేయించమంటే మొదటి రోజు నోట్సు పదిసార్లు తిరగేసింది. పిల్లలు ఒక ఎంజైమ్‌లో తలా ఒకచోట చిన్న మార్పు చేశారు. మార్చాక అది పనిచేస్తుందో లేదో ఏ పుస్తకంలోనూ లేదు. పనిచేస్తే గాజు గొట్టంలో ద్రవం పసుపెక్కుతుంది, అంతే.

క్లాసయ్యాక ఇద్దరూ స్టాఫ్ రూంలో టీ తాగుతూ గంటసేపు మాట్లాడుకునేవాళ్లు. ల్యాబ్ సంగతుల మధ్యలో లెక్చరరమ్మ మొగుడి గురక, ఆడపడుచు అలకలు కూడా దొర్లేవి. వెనకబల్ల మేడమ్ మనిషితో మనసారా మాట్లాడేది వారం మొత్తంలో ఆ గంటే. కలిసి ఉంటున్న అక్క పోయాక ఇంట్లో పలకరించే దిక్కు లేదు. గోడలకి చెవులుంటాయంటారు గానీ, ఆ ఇంటి గోడలకి అవి కూడా లేవు.

పోయిన గురువారం లెక్చరరమ్మ తర్వాతి వారం ప్రయోగానికి బఫర్, అంటే ఎంజైమ్‌ని ఉంచే ద్రావణం, కలుపుతూ చెయ్యి అలవాటు కొద్దీ ఈడీటీఏ అనే రసాయనం పోసేసింది. పాత ప్రయోగాల్లో ప్రోటీన్ చెడిపోకుండా అది పడాల్సిందే. ఈ ఎంజైమ్ మాత్రం జింకు లేకపోతే కదలదు. ఈడీటీఏ ఆ జింకునే పట్టుకుపోతుంది. వెనకబల్ల మేడమ్ చూసింది. చూసీ ఊరుకుంది. నియమం ప్రకారం సబబే. కానీ లోపల ఇంకో లెక్క నడిచింది: కోర్సు వచ్చే వారంతో సరి, ప్రయోగం చెడితే మరో రెండు గురువారాలు కలిసొస్తాయి.

ఈ గురువారం ఒక్క గొట్టం కూడా పసుపెక్కలేదు. ఏ మార్పూ చేయని మామూలు ఎంజైమ్ కూడా మొరాయించింది. పిల్లలు మొహాలు వేలాడేశారు. లెక్చరరమ్మ వెనకబల్ల దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"నా వల్ల కాదక్కా. వచ్చే ఏడు పాత ప్రయోగాలే పెట్టేసుకుంటా. పిల్లల ముందు పరువు పోయింది."

పెద్దావిడకి చెవులు వేడెక్కాయి. గంట కబుర్ల కోసం ఈ మనిషి ధైర్యాన్ని బలిపెట్టానా అని సిగ్గుపడింది.

"మామూలుది కూడా పనిచేయలేదంటే తప్పు పిల్లలు చేసిన మార్పుల్లో లేదు," అంది. "దానికేం కావాలో, మనం దానికేం పోశామో పిల్లల్నే అడగండి."

లెక్చరరమ్మ బోర్డు దగ్గరికి వెళ్లింది. "ఎక్కడో తప్పు చేశాను. ఎక్కడో నాకూ తెలీదు. కలిసి వెతుకుదాం," అంది. బఫర్‌లో పడ్డవన్నీ ఒక్కొక్కటే చదువుతుంటే ఒకమ్మాయి ఈడీటీఏ దగ్గర ఆపింది. "మేడమ్, ఇది జింకుని లాగేసుకోదూ?"

జింకు కాస్త ఎక్కువే కలిపి చూశారు. మామూలు ఎంజైమ్ ఉన్న గొట్టం మెల్లగా పసుపెక్కింది, దాని వెనకే ఇంకొన్ని. ఒకటి మాత్రం అన్నిటికన్నా ముదురు పసుపైంది. ఎందుకని పిల్లలు మీద పడి అడుగుతుంటే లెక్చరరమ్మ, "మీరేమనుకుంటున్నారు?" అని ఎదురడిగింది. వెనకబల్ల వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఇన్నాళ్ల కష్టం ఇందుకే గదా అనుకుంది పెద్దావిడ, అనుకున్నా గుండె బరువు తగ్గలేదు.

క్లాసయ్యాక లెక్చరరమ్మ గుమ్మం దాకా వచ్చింది. "ఇవాళ టీ కుదరదక్కా, పిల్లలు వదలట్లేదు. ఇక మిమ్మల్ని ఇబ్బంది పెట్టన్లెండి. రెండేసి బస్సులు మారి వచ్చేవారు, పాపం."

"ఇబ్బందేముంది." పెద్దావిడ గుమ్మంలోనే ఆగింది. "పని లేకపోయినా, గురువారాలు అప్పుడప్పుడూ రానా?"

లెక్చరరమ్మ పకపకా నవ్వింది. "భలేవారే. మీకు తీరికెక్కడిదక్కా? ఊరందరికీ మీరే కావాలి." లోపల్నుంచి ఎవరో పిలిస్తే గబగబా వెళ్లిపోయింది.

"అవునవును, అస్సలు తీరికుండదు," అని ఆవిడా నవ్వేసి, సంచి భుజాన వేసుకుంది.