ఐదే బనీన్లు

పురుగుమందుల కొట్టాయన జట్టుకి ఇచ్చింది ఐదే బనీన్లు. ముందు నంబరు, వెనక ఆయన కొట్టు పేరు. బాల్ బ్యాడ్మింటన్ ఆడేది ఐదుగురేగా, ఆరోది దండగని ఆయన ఉద్దేశం. ఎక్స్‌ట్రా ఆటగాడు దిగాలంటే బయటికొచ్చినవాడి బనీను తొడుక్కోవాల్సిందే. తొంభై తొమ్మిదిలో ఆ జట్టుకి కెప్టెన్ అయిన చైతన్యకృష్ణను ఈ సంగతి ముల్లులా గుచ్చుతూ ఉండేది.

ఎందుకంటే ఆ ఎక్స్‌ట్రా బెన్నీ. చర్చి వెనక పేటలో ఉంటాడు. వాళ్లమ్మ చైతన్య వాళ్ల చేలో మిరపకాయ కోతకొస్తుంది. వెనక లైన్లో బెన్నీలా బంతి తీసేవాడు చుట్టుపక్కల లేడు. కానీ అక్కడ కోటేష్ ఆడుతున్నాడు. పెద్ద రైతు కొడుకు, తన బ్యాటు, నీళ్ల సీసా ఎవర్నీ ముట్టుకోనివ్వడు. అలాంటివాడు బెన్నీకి బనీనిస్తాడా, జట్టు చీలిపోదూ అని చైతన్య తనకు తానే తీర్పు చెప్పేసుకున్నాడు. కోటేష్‌ని అడిగిన పాపాన పోలేదు.

పెదకాకాని పోటీలకు బయల్దేరే ముందు బెన్నీ సూటిగానే అడిగాడు.

"ఈసారన్నా ఆడిస్తావా? లేదంటే చెప్పు. పక్కూరి టీమోళ్లు రమ్మంటన్నారు."

"ఆడిస్తాన్రా, ఒట్టు. నువ్వు మాత్రం పోబాకు."

ఫైనల్లో మూడో గేమ్. పదిహేడు పదిహేను మీద తమదే పైచేయి. అంతలో కోటేష్ పిక్క పట్టేసి కూలబడ్డాడు. బెన్నీ బ్యాటు పట్టుకుని గీత దగ్గరికొచ్చాడు. కోటేష్ తలెత్తి ఏదో అనబోయాడు. అంత జనంలో ఆ మాట వినే ధైర్యం చైతన్యకు లేకపోయింది. గబగబా తన బనీనే విప్పి బెన్నీ చేతిలో కుక్కాడు.

"నా బదులు దిగు."

"నువ్వు సెంటర్లో ఆడేవాడివి కదరా! కుంటేవాణ్ణి ఉంచి..."

"దిగమన్నానా!"

ఇంకేముంది, అవతలివాళ్లు ప్రతి బంతీ కుంటుతున్న కోటేష్ మీదికే కొట్టారు. ఇరవై తొమ్మిది, ఇరవై ఒకటి. ఓడిపోయారు.

కోటేష్ కుంటుకుంటూ వచ్చాడు. "ఒరేయ్, బుర్ర పనిచేస్తందా నీకు? నా బనీను తీసుకోమని చెప్పబోతంటే నువ్వు విప్పావేందిరా?"

"నువ్వు ఇవ్వవేమోనని..."

"ఎవరికి? బెన్నీకా?" కోటేష్ మొహం మాడిపోయింది. "ఎప్పుడన్నా అడిగావా నన్ను?"

 చైతన్య సిగ్గుతో చచ్చిపోయాడు.

మైకులో పిలిచారు. "రెండో బహుమతి టీము ఫోటోకి రావాలండీ, యూనిఫాంలో."

బెన్నీ బనీను విప్పి చైతన్యకిచ్చాడు. పిండితే కారేటట్టుంది చెమట. తల దూర్చి తొడుక్కోవడమే తరువాయి. చైతన్య చెయ్యి పైకి లేవలేదు.

"కాస్త ఆరనీరా," అన్నాడు.

అన్నాక గానీ ఏమన్నాడో తెలియలేదు. కోటేష్ మొహం తిప్పుకున్నాడు. బెన్నీ మాత్రం చైతన్యనే చూశాడు, అంతా అర్థమైనవాడిలా.

"ఆరబెట్టుకో. తొందరేముంది," అని బ్యాటు చంకన పెట్టుకుని కదిలాడు.

ఫోటోగ్రాఫరు రెండుసార్లు కేకేశాక చైతన్య బనీను తొడుక్కున్నాడు. అప్పటికి బెన్నీ పక్కూరివాళ్ల ట్రాక్టరెక్కి కూర్చున్నాడు.