ఫోనెత్తినావిడ

రాంబాబు ఇంట్లో లేనప్పుడు ఎవరైనా గేటు దగ్గర నిలబడి పిలిస్తే, సులోచన తలుపు ఓరగా తీసి, "ఇంట్లో ఎవరూ లేరండీ" అనేది. గుడివాడలో ఆ వీధి ఆడవాళ్ళందరూ అలాగే అంటారు. వచ్చినవాళ్ళు కూడా నిలువెత్తు మనిషిని ఎదురుగా చూస్తూనే, "అలాగానండీ, మళ్ళీ వస్తాం" అని వెళ్ళిపోతారు. ఎవరికీ అనుమానం రాదు.

ఇంట్లోకి ఫోనొచ్చాక ఆ మాట ఫోనులోనూ అలవాటైంది. ఓ శుక్రవారం మధ్యాహ్నం అది మోగితే, పొయ్యి మీద తాలింపు వదిలేసి పరుగెత్తుకెళ్ళి ఎత్తింది.

"సులోచన ఉందాండీ?" అంది ఓ ఆడగొంతు.

"ఇంట్లో ఎవరూ లేరండీ."

"వస్తే ఫౌజియా చేసిందని చెప్పండి. బందరులో మా అమ్మావాళ్ళింటికి వచ్చాను. రేపు సాయంత్రం బండికి హైదరాబాదు వెళ్ళిపోతున్నా. గుడివాడ మీదుగానే కదా, వీలైతే స్టేషనుకి రమ్మనండి."

"అలాగేనండీ, చెప్తాను," అని సులోచన ఫోను పెట్టేసింది.

పెట్టేశాక గానీ ఆ సులోచన తనేనని గుర్తు రాలేదు. ఈలోగా తాలింపు మాడింది. పెళ్ళయ్యాక 'రాంబాబుగారి మిసెస్' కోసమో, 'హర్షిణి వాళ్ళమ్మ' కోసమో అడిగినవాళ్ళే గానీ, ఉత్త సులోచన కోసం ఎవరూ అడగలేదు. ఆ పేరుగలావిడ వేరే ఊళ్ళో ఎక్కడో బాగానే ఉండి ఉంటుందని ఆమె కూడా అనుకునేది.

ఆ సులోచనా ఫౌజియా బందరు కాలేజీలో ఒకే బెంచీ. డిబేట్లలో మాట్లాడ్డానికి సులోచన, చప్పట్లు కొట్టడానికి ఫౌజియా. సాయంత్రాలు కోనేరు సెంటరు దాకా నడుస్తూ ఇద్దరూ ప్రపంచాన్ని సరిచేసేవారు.

తిరిగి ఫోను చేద్దామంటే నంబరు తెలీదు. ఆ కుర్చీలోనే కూర్చుని ఫౌజియా గొంతును మనసులో మళ్ళీ మళ్ళీ విన్నది. కాస్త బొంగురుపోయింది. మిగతాదంతా అదే.

భోజనాల దగ్గర మొగుడికి చెప్పింది. రాంబాబు చెడ్డవాడేం కాదు. రేపు ఎరువుల కొట్లో లోడు దిగుతుందనీ, పైనెల స్కూటరు మీద బందరు తీసుకెళ్తాననీ అన్నాడు. పైనెలకి ఆ మనిషి అక్కడుండదంది సులోచన. స్టేషనుకి ఒక్కతే వెళ్తానంది.

"ఏ పెట్టెలో ఉంటుందో తెలుసా?"

"తెలీదు."

"మరెట్టా వెతుకుతావే?"

"పిలుస్తా."

రాంబాబు పెరుగు కలుపుకుంటూ నవ్వాడు. పెరట్లో ఉన్న పనిమనిషిని పిలవాలన్నా గ్లాసుతో కిటికీ ఊచ కొట్టే మనిషివి కదా అన్నాడు. అది నిజమే.

మర్నాడు సాయంత్రం బండి వచ్చి ఆగింది. కిటికీల నిండా మొహాలే. సులోచన ఇంజను దగ్గర్నుంచి సగం దూరం ఊరికే చూసుకుంటూ నడిచింది. తెలిసినాయనెవరో ఎదురై రాంబాబుగారు రాలేదా అని అడిగాడు. జవాబు చెప్పే టైము లేదు. గార్డు అప్పటికే పచ్చజెండా విప్పుతున్నాడు.

"ఫౌజియా," అంది. తనకే వినపడలేదు. మళ్ళీ అంది. వేరుశనక్కాయలమ్మే అతను మాత్రం విన్నాడు. ఇంక గొంతు ఎవరిదైతే నాకేమిటన్నట్టు అరిచింది. "ఫౌజియా, సులోచననే! ఎక్కడ చచ్చావే!"

ప్లాట్‌ఫారం అంతా తిరిగి చూసింది. చివరి పెట్టెలో కిటికీలోంచి ఒక చెయ్యి ఊగింది. సులోచన అటు పరుగెత్తింది.

ఫౌజియాకి కళ్ళజోడు వచ్చింది, ముందువైపు జుట్టు నెరిసింది. ఊచల మధ్య నుంచి సులోచన వేళ్ళు గట్టిగా పట్టుకుంది.

"ఫోనెత్తినావిడ చెప్పదేమో అనుకున్నానే. ఒట్టి భయస్తురాలిలా ఉంది."

"భయస్తురాలే," అంది సులోచన. "అయినా చెప్పింది."

బండి కదిలింది. వేళ్ళు వదలకుండా పక్కనే నడిచింది.

"నువ్వప్పట్లో ఒక మాట అంటుండేదానివి, గుర్తుందా? మా క్లాసులో పిల్లలకి ఇప్పటికీ అదే చెప్తాను," అంటూ ఫౌజియా ఆ మాట కూడా చెప్పింది. ఇంజను కూత దాన్ని మింగేసింది.

సులోచన రిక్షా ఎక్కకుండా ఇంటికి నడిచింది. తను ఏమనేది? అప్పట్లో అన్నిటి మీదా ఏదో ఒకటి అనేది. గుర్తొచ్చినవన్నీ ఒక్కొక్కటే పెదాల మీదకి తెచ్చి చూసుకుంది. ఏదీ తన మాటలా లేదు. ఏదీ కాదనుకోవడానికి మనసొప్పలేదు. తను మొహమైనా ఎరగని పిల్లలెవరికో అది కంఠతా వచ్చు.

నాలుగిళ్ళు ముందుకి వెళ్ళాక గానీ తన ఇల్లు దాటిపోయిందని తెలియలేదు. వెంటనే వెనక్కి తిరగబుద్ధి కాలేదు.