రెండు తోకల చేప

నిసార్ అహ్మద్‌కు మతి తప్పిందనీ, షెడ్డులో తలకాయ లేని చేపనొకదాన్ని తయారుచేస్తున్నాడనీ, దానికి అటొక తోకా ఇటొక తోకా ఉన్నాయనీ పక్కింటి ఛాయాదేవి ఇడ్లీబండి దగ్గర అన్నదట. బండి నడిపే కనకలక్ష్మి ఆ మాటకు తన వంతు కారం కలిపి సాజిదాకు చేరవేసింది. సాజిదా ఇంటికొచ్చి, ఇడ్లీ పొట్లం గట్టుమీద పెట్టి, ఆ కారంతో సహా మొగుడికి వడ్డించింది.

నిసార్ అప్పుడు చేతులకు కొబ్బరినూనె పట్టించుకుంటున్నాడు. ఫైబర్ పనికి దిగేవాడు పొద్దున్నే ఈ పని చెయ్యకపోతే గాజు నూగు చర్మంలో దిగబడి, పొద్దుగూకేసరికి ఒళ్ళంతా చీమలు పాకినట్టుంటుంది. మోచేతుల పైదాకా, మెడ చుట్టూ, చెవుల వెనక, వేళ్ళ సందుల్లో తొందర లేకుండా రాసుకుంటాడు. పొట్టి మనిషి. ఎడమభుజం కుడిదానికన్నా కాస్త దిగి ఉంటుంది. బొటనవేళ్ళు రెండూ ఒత్తి ఒత్తి చదునుతేలాయి. గోళ్ళ చుట్టూ పట్టిన రెజిన్ జిగురు పసుపు సబ్బుకూ లొంగదు, కిరసనాయిలుకూ లొంగదు. పెళ్ళైన కొత్తలో ఆ వాసనకు సాజిదా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేది. ఇప్పుడు పుట్టింటికి మంగళగిరి వెళ్ళి ఒక రాత్రి ఉంటే, ఆ వాసన లేక నిద్ర పట్టదు.

"ఆవిడన్నదాంట్లో తప్పేముంది? చూడ్డానికి అట్టాగే ఉందిగా," అన్నాడు నిసార్.

"మీకసలు రోషం లేదు."

"ఎందుకు లేదు? నూనె రాసుకున్నా గదా, జారిపోయింది."

ఇంటి వెనకే రేకుల షెడ్డు. అన్నకొడుకు తౌసిఫ్ అప్పటికే ఒక బస్సు బంపరు మీంచి ఊడదీసిన అచ్చును బల్లమీద వెల్లకిలా పెట్టి ఉంచాడు. ముప్పై దాటినవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. అయినా చిన్నాన్న వచ్చేదాకా అచ్చులో పేరు పూడ్చే ఆ ఒక్క పనీ ముట్టుకోడు. బంపరు మీద ఉబ్బెత్తుగా ఉన్న కంపెనీ పేరు అచ్చులో గుంటలు పడి, అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది. ఆ గుంటల్ని మైనంతో పూడ్చాలి. పూడ్చకపోతే ఎవరి పేరో మన సరుకు మీదికొస్తుంది. నిసార్ మైనం ముద్దను అరచేతిలో నలిపి మెత్తబరిచి, బొటనవేలితో ఒక్కో అక్షరంలోకీ ఒత్తి, పైన గుడ్డతో తుడిచాడు. అక్కడొక పేరుండేదని ఇక ఎవరూ చెప్పలేరు.

వయసొచ్చినప్పట్నుంచీ ఆయన చేసిందిదే. బెజవాడలో సగం మందికి నిసార్ చేతిపని తెలుసు, నిసార్ తెలియదు. సిటీబస్సుల్లో సీట్లు, పార్కుల్లో నోరు తెరుచుకుని చెత్త అడిగే పెంగ్విన్లు, పెళ్ళిమండపాల్లో తెల్లస్తంభాలు, కృష్ణలో పిల్లలు తొక్కే హంసపడవలు. అన్నీ ఎవరో చేసినదానికి అచ్చు తీసి పోసినవే. అందుకాయన బాధపడిందీ లేదు. ఆటోలో పార్కు పక్కనుంచి వెళ్తుంటే మోచేత్తో సాజిదాను పొడిచి, "ఆ పెంగ్విన్ మనదే. కుడికన్ను కాస్త పైకుంది, చూడు," అనేవాడు.

"చెత్తడబ్బాను చూసి మురిసిపోయే మొగుణ్ణి నాకే రాసిపెట్టాడు దేవుడు," అనేది ఆమె. అంటూనే తల తిప్పి చూసేది.

గోడకానించిన ఆ చేప సంగతి వేరు. మచిలీపట్నం దగ్గర మంగినపూడి బీచిలో నీళ్ళ ఆటలు నడిపే జయంత్ ఒకరోజు విరిగిన బోర్డు ముక్కను మోసుకొచ్చాడు. దాన్ని ప్యాడిల్ బోర్డంటారు. మనిషి దానిమీద నిటారుగా నిలబడి, పొడుగాటి తెడ్డు వేసుకుంటూ వెళ్ళి, వచ్చే అల మీద జారుతూ ఒడ్డుకొస్తాడు. జయంత్ పాత హంసపడవలకు నిసార్ మాట్లు వేసిన పరిచయంతో తెచ్చాడు. వెనకసగమే మిగిలింది. దాని చివర చేపతోకలా మధ్యలో చీలి ఉంది. ముందుసగాన్ని సముద్రం పట్టుకుపోయింది.

"ముందుది ఎట్టుంటుందో ఫోటో పంపుతా భాయ్," అని వెళ్ళాడు. వెళ్ళినవాడు మరిచిపోయాడు.

నిసార్ అడగలేదు. అడగాలని తోచనే లేదు. బంపరు సగం విరిగితే, మిగిలిన సగానికి అచ్చు తీసి, రెండో సగాన్నీ అందులోనే పోసి అతకడం బాడీషాపుల్లో అందరూ చేసే పని. ఇదీ అట్లాగే చేశాడు. వెనకసగాన్నే రెండుసార్లు పోసి, ఒకదాన్ని తిప్పిపెట్టి, నడుము దగ్గర అతికాడు. తలుపంత వెడల్పుతో, రెండు చివర్లా తోకలే ఉన్న బోర్డు తయారైంది.

ఒక్క మార్పు మాత్రం సొంతంగా చేశాడు. నీళ్ళమీద తిరిగేది ఏదైనా గడ్డం ఎత్తుకుని తిరగాలని హంసపడవల రోజుల్నుంచీ ఆయనకొక పట్టుదల. అందుకని అతికేటప్పుడు ఒక ముక్కను నాలుగువేళ్ళు పైకెత్తి పెట్టాడు. అది ఎవరి అచ్చులోనూ లేనిది. ఆ ఎత్తును రోజూ పని చాలించేముందు అరచేత్తో ఒకసారి నిమిరి చూసుకునేవాడు.

తౌసిఫ్ ఫోటో తీసి పంపితే జయంత్ ఫోన్లో నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఇదేంటి భాయ్, ఎటు చూసినా వెనకే! సర్లెండి, ఫోటో పంపకపోవటం నాదే తప్పు. ఆదివారం తెచ్చెయ్యండి, నీళ్ళలో వేసి చూద్దాం. అల ఎక్కకపోతే ఒకవైపు కోసేసి మొన తేలుద్దాం. కటింగ్ మిషను కూడా తెచ్చుకోండి."

కోసేసి అన్న మాట దగ్గరే నిసార్ ఫోను తౌసిఫ్ చేతికిచ్చేశాడు.

ఆ ఆదివారం ఇవాళే. ట్రాలీ ఆటోలో పాతపరుపు పరిచి, బోర్డును పడుకోబెట్టి, తాళ్ళతో కట్టారు. తౌసిఫ్ తోలుతానన్నాడు. సాజిదా కూడా చీర మార్చుకుని వచ్చి ఎక్కింది.

"నువ్వెందుకు?"

"ఛాయాదేవికి జవాబు చెప్పాల్సింది నేను గదా. కళ్ళతో చూడకుండా ఏం చెప్పను?"

ముగ్గురూ ముందుసీట్లో ఇరుక్కున్నారు. గోనెసంచిలో చుట్టిన కటింగ్ మిషను సాజిదా కాళ్ళ దగ్గరే పడింది. కంకిపాడు దాటారు, ఉయ్యూరు దాటారు, బండి గతుకులో పడ్డప్పుడల్లా అది ఆమె చీలమండకు కొట్టుకుంటూనే ఉంది. నిసార్ దారిపొడుగునా ఎడమభుజం నొక్కుకుంటున్నాడు. పొద్దున బోర్డు ఎత్తినందుకే అనుకుంది ఆమె.

"ఇది నిజంగా కోస్తారా?" అంది, కాలితో సంచిని చూపిస్తూ.

"తేలకపోతే కోస్తారు."

"తేలిద్దా?"

నిసార్ కిటికీలోంచి చెరకుతోటలు చూశాడు. "ఇన్నేళ్ళూ ఎవరో తేల్చినవే పోశాను. నాకేం తెలుసు?" అన్నాడు.

బీచి మొక్కజొన్నపొత్తుల పొగతో, బజ్జీల నూనెవాసనతో, తడిసిన ప్యాంట్లు మడిచి తిరిగే జనంతో నిండి ఉంది. మంగినపూడి అలలు పెద్దవేం కావు. మట్టిరంగు నీళ్ళు బద్ధకంగా లేచి, ఎందుకు లేచాయో మరిచిపోయినట్టు అక్కడే కూలబడతాయి. జయంత్ బోర్డు చుట్టూ తిరిగి చూశాడు. చూస్తుండగానే నలుగురు పోగయ్యారు. ఎవరో తలుపన్నారు, ఎవరో ఇస్త్రీబల్ల అన్నారు.

"ఇంతకీ ముందు ఏది భాయ్ ఇందులో?"

"గడ్డం ఎత్తిందే ముందు."

జయంత్ నవ్వుకుంటూ తెడ్డు తీసుకుని నీళ్ళలోకి దిగాడు. బోర్డెక్కి నిలబడ్డాడు, లోపలికి వెళ్ళాడు, ఒక అల చూసుకుని తిరిగాడు. నాలుగు తెడ్లు వేశాడో లేదో ముందుతోక నీళ్ళలోకి దూరింది. మనిషి ఎగిరి అవతల పడ్డాడు. ఒడ్డున ఈలలు. బోర్డు బోర్లాపడి, తెల్లటి పొట్ట ఆకాశానికి చూపిస్తూ, తన మానాన తను ఒడ్డుకు కొట్టుకొచ్చింది.

ఆ పొట్టమీద అక్షరాలున్నాయి. రంగుతో రాసినవి కావు. బస్సు బంపరు మీద కంపెనీ పేరున్నట్టు ఉబ్బెత్తుగా, ఎండలో సన్నటి నీడలతో సహా ఉన్నాయి. సాజిదా మోకాలిలోతు నీళ్ళలోకి నడిచి చదివింది. నిసార్ అహ్మద్, బెజవాడ.

"చిచ్చా! ఇదెప్పుడు చెక్కావ్ అచ్చులో?" అన్నాడు తౌసిఫ్.

నిసార్ అటుగా పోతున్న బఠాణీలమ్మే అబ్బాయి వంక శ్రద్ధగా చూస్తున్నాడు. "రెండో ముక్క పోసేముందు. అక్కడ ఖాళీగా ఉంటే..." అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. సాజిదా ఆ అక్షరాలమీద తడిచెయ్యి పెట్టి, ఎంతకూ తియ్యలేదు.

జయంత్ జుట్టు పిండుకుంటూ వచ్చి తనూ చూశాడు. "అడుగున పేరు ఇంత ఎత్తుగా పెడితే నీళ్ళు పట్టుకుంటాయి భాయ్. స్పీడు తగ్గుద్ది."

"తగ్గనీ బాబూ. మనకేం రైలందాలా?" అన్నాడు నిసార్.

"ఇంకొక్కసారి చూస్తా. ఈసారీ ముంచితే మాత్రం కోసేద్దాం. ఏమనుకోవద్దు."

తౌసిఫ్ గోనెసంచి దించి ఇసుకలో పెట్టాడు. సాజిదా నేరుగా వెళ్ళి దానిమీద కూర్చుంది.

జయంత్ ఈసారి నవ్వడం మానేశాడు. బోర్డుమీద ఒక అడుగు వెనక్కి జరిగి, తర్వాత ఇంకో అడుగు జరిగి నిలబడి చూసుకున్నాడు. ఒక అలను వదిలేశాడు, ఇంకోదాన్ని వదిలేశాడు. మూడోది వచ్చింది. అదీ అంతంతమాత్రపు అలే. దాని ముందు తెడ్డు వేస్తుంటే, ఎత్తిన గడ్డం కిందికి నీళ్ళు దూరి బోర్డును మెల్లగా పైకి తీసుకున్నాయి. జయంత్ తెడ్డు వెయ్యడం ఆపేశాడు. బోర్డు ఆగలేదు. అల చచ్చి నురగైపోయింది. అయినా ఆగలేదు. ఆ వెడల్పాటి పలక నురగమీద, తర్వాత పలచటి నీళ్ళమీద, ఇంటికి తోవ తెలిసినదానిలా వచ్చి, తడి ఇసుక మీదికి ముక్కు పెట్టి నిలబడింది. జయంత్ దాని మీంచి నడుచుకుంటూ ఒడ్డుకు దిగాడు. కాళ్ళు తప్ప ఏమీ తడవలేదు.

ఇస్త్రీబల్ల అన్నవాడే ముందు చప్పట్లు కొట్టాడు.

"ఈ చచ్చు అలల కోసమే పుట్టింది భాయ్ ఇది!" జయంత్ నిసార్ చేతులు రెండూ పట్టుకుని ఊపేశాడు. "దీనికి సరితూగేది నాదగ్గర ఒక్కటీ లేదు. రండి, మీరూ ఎక్కండి. నేను పట్టుకుంటా."

"నేనెక్కితే దాన్ని చూసేదెవరు?" అన్నాడు నిసార్.

"అయితే నేనెక్కుతా," అని సంచి మీంచి లేచింది సాజిదా.

కుచ్చిళ్ళు దోపుకుని, బోర్డు మధ్యలో, ఆయన అతికిన అతుకుమీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. జయంత్ నడుములోతుకు లాక్కెళ్ళి వదిలాడు. చిన్న అల ఒకటి ఆమెను ఎత్తి, నెమ్మదిగా నడిపించుకొచ్చి నిసార్ కాళ్ళ దగ్గర దించింది. ఆమె అరవలేదు, ఏదీ పట్టుకోలేదు. ఊరేగింపులో కూర్చున్నట్టు వచ్చింది. నిసార్ నవ్వీ నవ్వీ దగ్గు తెరలో పడి, ఇసుకలో కూర్చుండిపోయాడు.

బోర్డు జయంత్ దగ్గరే ఉండిపోయింది. మిషను సంచిలోనే తిరిగొచ్చింది. దారిలో బందరులో బండి ఆపించి నిసార్ హల్వా డబ్బా కొన్నాడు. "ఛాయాదేవికియ్యి. చేపకు పేరు పెట్టింది ఆవిడేగా," అన్నాడు.

పొద్దుగూకే వేళ మగ్రిబ్ అజాన్ వినిపిస్తుండగా ఇల్లు చేరారు. సాజిదా ఉప్పునీళ్ళ చీర నానబెట్టడానికి పంపు దగ్గరికి వెళ్ళింది. పొద్దున పూడ్చిన మైనం గట్టిపడిందో లేదో చూసొస్తానని నిసార్ షెడ్డులోకి వెళ్ళాడు. కాసేపటికి తౌసిఫ్ టీ తెచ్చాడు. చిన్నాన్న కుర్చీలో వెనక్కి వాలి, తల గోడకానించి, గడ్డం కాస్త పైకెత్తుకుని కళ్ళు మూసుకుని ఉన్నాడు. బాగా అలిసిపోయినట్టున్నాడు, పడుకోనీ అనుకుని, టీగ్లాసు మీద సాసరు మూతపెట్టి, ఫ్యానును ఆయనవైపు తిప్పి, చప్పుడు కాకుండా బయటికొచ్చాడు. అది ఏ నిద్రో, తరవాత సాజిదా వెళ్ళి భుజం తట్టినప్పుడు తెలిసింది.

మొగుడు పోయాక ఆడమనిషి గడప దాటకుండా ఉండే ఇద్దత్ రోజులు గడిచి, ఎండలు ముదురుతుండగా జయంత్ మళ్ళీ వచ్చాడు. ఆ బోర్డు అలమీద జారే వీడియో అప్పటికే ఎక్కడెక్కడికో వెళ్ళింది. ఇడ్లీబండి దగ్గర ఛాయాదేవి దాన్ని అందరికీ చూపించి, "మా పక్కింటి నిసార్ గారు చేసిందే. చేపలా ఈదుద్దని నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నా," అంటోందట. విశాఖపట్నం వాళ్ళూ, సూర్యలంక వాళ్ళూ అలాంటివే కావాలంటున్నారు. జయంత్ బోర్డు తెచ్చి ఇచ్చాడు. తౌసిఫ్ దానికి అచ్చు తీశాడు. నిసార్ పోసిన వస్తువుకు ఇంకొకరు అచ్చు తియ్యడం ఆ షెడ్డులో అదే మొదలు.

ఊడదీసిన అచ్చును బల్లమీద వెల్లకిలా పెట్టారు. సాజిదా గుమ్మం దగ్గర పీటమీద కూర్చుని చేతులకు కొబ్బరినూనె రాసుకుంటోంది. అంచులు రుద్దే పని ఇప్పుడామెదే. మోచేతుల పైదాకా, వేళ్ళ సందుల్లో, తొందర లేకుండా రాసుకుంటోంది. తౌసిఫ్ చెయ్యి అలవాటు కొద్దీ మైనం ముద్దను అందుకుంది.

"అడుగు నున్నగా ఉంటేనే మేలు," అన్నాడు జయంత్, అచ్చులోకి వంగి చూస్తూ. "వాళ్ళంతా స్పీడు కావాలంటున్నారు."

"పేరు పూడ్చేస్తే ఇంకా జోరుగా పోద్దంట చాచీ," అన్నాడు తౌసిఫ్.

"ఎవడికిరా అంత తొందర?" అంది సాజిదా.

తౌసిఫ్ అరచేతి వేడికి మైనం ముద్ద మెత్తబడి వేళ్ళ సందుల్లోకి దిగుతోంది. అచ్చులో నిసార్ పేరు అద్దంలో చూసినట్టు తిరగబడి, ఖాళీగా, లోతుగా ఉంది.