వాడు కూడా వచ్చే లోకం

ఆ ఆదివారం జహీరాబాద్ చర్చిలో పాట ముగిసి అందరూ కూర్చుంటున్నప్పుడు జగదీశ్ లోపలికి వచ్చాడు. మగవాళ్ల వైపు, చివర చాప మీద కూర్చున్నాడు. అతన్ని చూడగానే రేఖ అత్త చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏమైందే?" అంది పక్కనున్న అత్త అనంతమ్మ. ఆమెకు చూపు సరిగ్గా ఆనదు.

"జగదీశ్ వచ్చిండు."

ముసలామె కొంగు తల మీదికి లాక్కుంది.

మూడేళ్ల కింద, కంది కోతలప్పుడు, పొలం గెట్టు జరిపావని గొడవపడి జగదీశ్ రేఖ భర్త చందర్‌ను పారతో తల మీద కొట్టాడు. ఊరి నుంచి ఝరాసంగం మీదుగా జహీరాబాద్ దవాఖానకు తెచ్చేలోపే, ఆటోలో, రేఖ ఒడిలోనే చందర్ ప్రాణం పోయింది. కొట్టడం చూసినవాళ్లు కోర్టుకొచ్చి మాకేం తెలియదన్నారు. చందర్ రాయి మీద పడి చచ్చాడన్నాడు జగదీశ్. మొన్న ఎండాకాలంలో కేసు కొట్టేశారు.

పాస్టర్ సంగయ్య ఆ రోజు రాబోయే లోకం గురించి చెప్పాడు. ప్రభువు మళ్లీ వచ్చినప్పుడు ఈ భూమినే బాగుచేస్తాడు, అక్కడ చావు ఉండదు, ఏడుపు ఉండదు, చెడు అన్నదే ఉండదు అన్నాడు. చందర్‌ను పూడ్చిన నాటి నుంచి రేఖ ఆ మాట పట్టుకునే బతుకుతోంది.

చివర్లో సంగయ్య, "మన నడుమకు ఒక తమ్ముడు కొత్తగ వచ్చిండు. ప్రభువును నమ్ముకుంటనంటున్నడు" అన్నాడు.

రేఖ లేచి నిలబడింది.

"అయ్యగారూ, ఆ లోకానికి ఈయన గూడ వస్తడా?"

సంగయ్య తడబడ్డాడు. "నిజంగ మారితే... వస్తడమ్మా."

"అక్కడ అబద్ధం ఉండదన్నరు గద. అయితే ఇక్కడనే నిజం చెప్పుమనున్రి." ఆమె వెనక్కి తిరిగింది. "చందర్ ఎట్ల సచ్చిండో చెప్పు జగదీశ్. నువ్వు జైలుకు పోవాలని నాకు లేదు. ఒక్క మాట చెప్పు, చాలు."

జగదీశ్ పెదవులు కదిలాయి. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. చెప్తాడనే అనిపించింది రేఖకు. అతడు లేచి, గుమ్మం దగ్గర చెప్పులు చేతిలోకి తీసుకుని, వేసుకోకుండానే వెళ్లిపోయాడు.

"మందిరానికొచ్చినోణ్ని ఎల్లగొట్టినవ్" అంది వెనకనుంచి ఒకామె.

పొద్దుగూకే ముందు సంగయ్య రేఖ వాళ్ల ఊరికి, ఇంటికే వచ్చాడు. రేఖ ఆయనకు మంచినీళ్లిచ్చి గోడకానుకుని నిలబడింది.

"ఇగ నేను రాను అయ్యగారూ. చర్చికి రాను, ఆ లోకానికి గూడ రాను. నా మొగన్ని సంపినోడు నవ్వుకుంట తిరిగే కాడ నాకేం పని?"

సంగయ్య గ్లాసు కింద పెట్టాడు. "అన్నీ నాకు తెలుసంటే అబద్ధమైతదమ్మా. నిజం ఒప్పుకోకుండ ఎవ్వడూ ఆ వాకిలి దాటడని మాత్రం నమ్ముతున్న."

"ఒప్పుకుంటే? నేను సూడాల్నా వాని మొఖం?"

మంచం మీద నుంచి అనంతమ్మ అంది, "ఆడ నా కొడుకుంటడు. రేఖ ఏదమ్మా అని అడుగుతడు. ఏం చెప్పాలె నేను? అలిగింది, రాలేదని చెప్పాల్నా?"

చందర్ శవాన్ని గోతిలోకి దించినప్పుడు కూడా నోరు తెరిచి ఏడవని రేఖ, అక్కడే కూలబడి ఏడ్చింది. అనంతమ్మ తడుముకుంటూ వచ్చి కోడలి తల పట్టుకుంది. సంగయ్య వాళ్ల పక్కన నేల మీద కూర్చున్నాడు.

తర్వాతి ఆదివారం రేఖ చర్చికి వెళ్లింది. అత్త ఒక్కతే ఆటో ఎక్కడం దిగడం కష్టం కాబట్టి వెళ్తున్నానని తనకు తానే చెప్పుకుంది. జగదీశ్ రాలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ రాలేదు.

అందరూ కళ్లు మూసుకుని ప్రార్థిస్తుంటే రేఖకు స్తోత్రం నోటికి రాలేదు. క్షమించానన్న మాట అంతకన్నా రాలేదు. లోపల ఉన్నది ఒక్కటే. అది గొంతు చీల్చుకుని పైకే వచ్చేసింది.

"రా ప్రభువా. జల్ది రా. నాతోని ఐతలేదు."

పక్కన అనంతమ్మ "ఆమేన్" అంది.