ఆడపడుచుకు తగిన మాట

వీధి మలుపులో బట్టలు కుట్టే ఆవిడ నాలుకకు రెండువైపులా పదునని పేరు. మిషను ఆగినా ఆవిడ నోరు ఆగదు. ఎవరి మాటనైనా సగంలోనే అందుకుని, మిగతా సగం తనే చెప్పి, దానికి జవాబు కూడా తనే ఇచ్చేసేది. ఆవిడ దెప్పులు అందరికన్నా ఎక్కువ తిన్నది సొంత వదినే. వదిన తేయాకు గోదాములో తూకాలు చూసేది. ఇంటికొస్తే పేపరు మడిచి పట్టుకుని, ఇంగ్లీషు గళ్లనుడికట్టు పూర్తయ్యేదాకా కుర్చీ వదిలేది కాదు.

"గళ్లు నిండుతున్నాయిగానీ, పొయ్యిమీద కూర మాడుతోంది వదినా."

"మాడితే నీకే పెడతాలే. నీ నోటికి ఆ రుచే సరి," అనేది వదిన తలెత్తకుండానే.

వదిన కాపురానికొచ్చిన నాటినుంచీ ఇద్దరిదీ ఇదే వరస.

ఒక ఉదయం వదినకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి కొంత తేరుకుంది, మాట మాత్రం పోయింది. ఎదుటివాళ్లు చెప్పేదంతా అర్థమవుతుంది. తను చెప్పబోతే గొంతులో ఏదో గరగర తప్ప మరేమీ రాదు. చూడ్డానికి వచ్చిన ఆడపడుచు అలవాటుకొద్దీ, "పని తప్పించుకోడానికి మంచి ఉపాయమే పట్టావే!" అంది. వదిన పెదవులు కదిలాయి. మాట రాలేదు. కళ్లు మాత్రం నిండాయి.

ఆ రోజు ఆడపడుచు చేతిలో కుట్టు సాగలేదు, తిండి సయించలేదు. తన మాటకు మాట అప్పజెప్పగల మనిషి లోకంలో ఒక్కతే. ఆ ఒక్కతే మూగబోయింది.

మాటలు మళ్లీ నేర్పే డాక్టరమ్మ దగ్గరికి తనే తీసుకెళ్లింది. "ఆమెకు ఇష్టమైన పనితోనే మొదలుపెట్టండి," అంది డాక్టరమ్మ. "ఒక్కటే షరతు. ఆమె వెతుక్కునే మాట మీరు అందించకూడదు. ఆగాలి."

"ఎంతసేపు?"

"వచ్చేదాకా."

"దానికన్నా నా నాలుక కోసెయ్యండి డాక్టరుగారూ, తేలిగ్గా పోతుంది!"

అన్నదేగాని వెనక్కి తగ్గలేదు. రోజూ మధ్యాహ్నం దుకాణం మూసి, ముందురోజు పేపరూ డిక్షనరీ చంకన పెట్టుకుని అన్నయ్య ఇంటికొచ్చేది. మర్నాటి పేపర్లో పడే ఆ గళ్ల జవాబులు ముందే చూసుకుని వచ్చేది. ఆధారం చదివి, తనకొచ్చిన ఇంగ్లీషుతో అర్థం విడమరిచి చెప్పి, ఆపైన నోరు జారకుండా గుండుసూదులు పళ్లమధ్య కరిచిపట్టుకునేది.

వారాలు గడిచాయి. ఒకనాడు వదిన విసిగిపోయి పెన్సిలు గోడకేసి కొట్టింది.

"చాల్లేవే," అన్నాడు అన్నయ్య. "ఎందుకు దాన్ని ఏడిపిస్తావు? ఏం కావాలన్నా చూసుకోడానికి నేను లేనూ?"

"నువ్వున్నావు కాబట్టే మాట రావట్లేదు అన్నయ్యా. దాహమనకముందే గ్లాసు పెడుతుంటే ఇంక నోరెందుకు తెరుస్తుంది?" మంచం కిందికి దూరి పెన్సిలు తీసి, ముల్లు చెక్కి, మళ్లీ వదిన చేతిలో పెట్టింది. "విసురు. ఎన్నిసార్లు విసిరితే అన్నిసార్లు తెస్తా."

మర్నాటి గళ్లలో అయిదక్షరాల ఇంగ్లీషు మాట ఒకటి వచ్చింది. "రెండర్థాలున్నాయి వదినా. ఒకటి, అక్కసుతో పిల్లిలా రక్కే మనిషి ఎలాంటిదో చెప్పే మాట. రెండోది, చైనావాళ్ల పాత తూకం." చెప్పేసి సూదులు నోట పెట్టుకుంది.

వదిన చూపు గళ్లమీద నిలిచిపోయింది. గోదాములో పాత తేయాకు పెట్టెలమీద ఆ తూకం పేరు ఎన్నిసార్లు చూసిందో. మెల్లగా తలెత్తి ఆడపడుచును ఎగాదిగా చూసింది. పెదవి కొస వంకర తిరిగింది.

"క్యా..."

ఆడపడుచు పిడికిళ్లు బిగుసుకున్నాయి. గుమ్మంలో నీళ్లగ్లాసుతో నిలబడ్డ అన్నయ్య ఏదో అనబోతే, వెనక్కి తిరక్కుండానే అరచెయ్యి అడ్డం పెట్టింది.

"క్యా... క్యాటీ." వదిన వంకరపోయిన కుడిచేతి వేలు కష్టంమీద లేచి ఆడపడుచు వైపు తిరిగింది. "నువ్వు."

సూదులన్నీ చేతిలోకి ఉమ్మేసింది ఆవిడ. "నేనే! అచ్చంగా నేనే! ఇంకోసారి అనవే తల్లీ!"

"క్యాటీ," అంది వదిన, ఈసారి గట్టిగా.

"ఏంటి, తిట్టిందా?" అన్నాడు అన్నయ్య బిత్తరపోయి.

"తిట్టింది అన్నయ్యా! నన్నే తిట్టింది!" అంటూ అతని భుజాలు పట్టి ఊపేస్తే గ్లాసులో నీళ్లన్నీ ఒలికిపోయాయి.

ఆ తర్వాత మాటలేమీ వరదలా వచ్చిపడలేదు. నిన్న దొరికిన మాట ఇవాళ మొహం చాటేసేది. అయినా ఇద్దరూ ఒక్క మధ్యాహ్నం కూడా మానలేదు. చలికాలం వెళ్లేసరికి వదిన ముక్కముక్కగా వాక్యాలు కూర్చసాగింది. ఒక ఉదయం చీర కట్టుకుని, చెప్పులేసుకుని గోదాముకు బయల్దేరింది. ఆడపడుచు తోడెళ్లింది.

గేటు దగ్గర కొత్త కాపలాదారు ఆపాడు. "ఎవరమ్మా? ఎక్కడికి?"

ఆడపడుచు నోరు తెరవబోయింది. వదిన ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"ఆగు. నేను... చెప్తా." ఊపిరి తీసుకుంది. "నాది... తూకాల గది. పనికి... వచ్చాను."

కాపలాదారు గేటు తీశాడు. వదిన లోపలికి నడిచింది.