ఎడమ భుజం వంగిన రాక్షసి

మూడేళ్ళుగా తెగల్బీసా ఊళ్ళో రస్మినితో ఎవరూ మాట్లాడలేదు. ఉప్పు కొనబోతే కొట్టువాడు పొట్లం అరుగు మీద పెట్టి లోపలికి పోయేవాడు. గుడికి పోతే ఆమె కూర్చున్న వరస ఖాళీ అయ్యేది. బాలిలో వాడసంఘం వెలి వేయడమంటే అదే. కొట్టరు, తిట్టరు, నువ్వు లేనట్టే బతుకుతారు. అంతకన్నా కొట్టడమే నయం.

తప్పు ఆమెది కాదు, మొగుడు దార్సది. ఊరందరిదీ ఒక దారైతే అతనిది ఇంకో దారి. సంఘం పనికి వంతు వచ్చినప్పుడల్లా కూలి పోతుందని ఎగ్గొట్టాడు. జరిమానా వేస్తే నిండు సభలో వాడపెద్ద మొహాన్నే "నువ్వు మనుషుల్ని కాదు, పందుల్ని మేపుకో" అన్నాడు. సంఘం జాబితాలో అతని పేరు కొట్టేశారు. ఏడాది తిరక్కుండానే అతను పోయాడు. శ్మశానంలో చోటు కోసం రస్మిని రెండు రోజులు కాళ్ళావేళ్ళా పడితే చివరికి ఓ మూల, మురుక్కాలవ పక్కన పాతిపెట్టనిచ్చారు. ఆ తరవాత పక్కింటి పసివాడు జ్వరంతో పోతే, అదీ ఆమె చేతబడే అన్నారు. పిల్లల్లేని ముసలిది కదా, అనడానికి వీలుగా ఉంటుంది.

అక్కడ డబ్బు లేనివాళ్ళు శవాన్ని ముందు పాతిపెడతారు. అయిదేళ్ళకోసారి వాడంతా కలిసి ఎముకలు తవ్వి తీసి దహనం చేస్తుంది. కాలేదాకా ఆత్మ మట్టిలోనే పడి ఉంటుంది, పితృదేవతల్లో కలవదు. ఎవరికి వాళ్ళు కాల్చుకుందామంటే కుదిరే పని కాదు. పాడెగోపురం మోసే భుజాలు, కంచుతాళాలు కొట్టే చేతులు, తీర్థం ఇచ్చే పూజారి, అన్నీ సంఘానివే. ఆ దహనం ఈ ఏడే ఉంది, న్యెపి పండగ వెళ్ళిన పదిహేనో రోజున. రస్మినికి ఈ లోకంలో ఇంకేమీ అక్కర్లేదు. దార్స కాలితే చాలు.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున వాడపెద్ద సుతెజ ఆమె గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. వెనక నలుగురు కుర్రాళ్ళున్నారు.

"ఉన్నావా అవ్వా?" అన్నాడు, నిన్న సాయంత్రమే మాట్లాడి వెళ్ళినట్టు.

రస్మిని అల్లుతున్న వెదురు బుట్ట పక్కన పెట్టి లేచింది. చిన్నప్పటి నుంచీ ఆమె బతుకు ఆ అల్లికే.

"ఏం లేదు, మన ఓగోఓగో సంగతి. న్యెపి ముందురోజు ఊరేగించే రాక్షసి బొమ్మ. ఈసారి జిల్లా పోటీలో థర్మోకోల్ పెట్టకూడదంట. వెదురూ, నారా, ఆకులూ, పారేసిన కాయితాలూ, వాటితోనే చెయ్యాలంట. మావాళ్ళని వెదురు చీల్చమంటే వేళ్ళు చీల్చుకుంటన్నారు."

కుర్రాళ్ళు నవ్వారు. ఒకడి బొటనవేలికి నిజంగానే గుడ్డ చుట్టి ఉంది.

"మరి దార్స పేరు?" అంది రస్మిని. మూడేళ్ళలో తనని పలకరించిన మనిషికి ఆమె చెప్పిన మొదటి మాట అదే.

"చూద్దాంలే. ముందు నువ్వు అల్లు. ఊరేగింపు ముందురోజు దహనం జాబితా చదువుతాం కదా."

పెద్దమనుషులు 'చూద్దాం' అంటే చూడరని చంటిపిల్లకి కూడా తెలుసు. కానీ మునిగేవాడికి గడ్డిపోచ దొరికితే దాని గట్టితనం ఎవడు చూస్తాడు? ఆమె ఆ పూటే కత్తి నూరింది.

నలభై రోజులు వాడసభ కొట్టంలో ఆమె చేసిన పని చూసి తీరాలి. వెదురుని నిలువునా చీల్చి, పొట్ట తీసేసి, కాయితమంత పలచగా దువ్వి, నీళ్ళలో నానేసి నడుం దగ్గర నుంచి అల్లుకుంటూ పైకి పోయింది. ఒక్క మేకు లేదు, ఒక్క తీగ లేదు. రోజూ గుడి ముందు వాడిపోయి పడి ఉండే నైవేద్యాల కొబ్బరాకు బుట్టల్ని ఏరుకొచ్చి, విప్పి, జడలుగా పేని నరాలు చేసింది. చిరిగిన సిమెంటు సంచుల కాయితాన్ని కర్రపెండలం జిగురుతో ఏడు పొరలు అంటించి, పైన అరటిబోదె ఎండుపట్ట పరిచింది. అదే చర్మం. ముడతలు దానికవే వచ్చాయి. గోళ్ళకి వెదురు పొరక, మెడలో హారానికి కొబ్బరి చిప్పలు, మొలనూలికి కాలవలో ఏరిన ఆల్చిప్పలు. జుట్టుకి ఎక్కడో అడివంచు నుంచి నల్లనార మోసుకొచ్చింది.

కుర్రాళ్ళు ఆమెకి కాఫీ తెచ్చి ఇచ్చేవాళ్ళు. వేయించిన అరటికాయ ముక్కలు తెచ్చేవాళ్ళు. "అవ్వా, అవ్వా" అని చుట్టూ తిరిగేవాళ్ళు. అందరిలోకీ విరాత నోరు తీపి. మొహం చేసేది అతనే. మొహం ఆఖరి రోజున మెడ మీద పెట్టేదాకా గుడ్డ కప్పి ఉంచడం ఆనవాయితీ, అందుకని కొట్టం వెనక గదిలో ఒక్కడూ కూర్చుని చేసుకునేవాడు. మధ్యమధ్య వచ్చి కొలతలు చెప్పేవాడు.

"ఎడమ భుజం కిందికి దించవ్వా. ఇంకొంచెం."

"ఒక పక్కకి ఒరిగితే బాగుంటుందా నాయనా?"

"రాక్షసి కదవ్వా, వంకర ఉండాలి. వీపు మీద చిన్న గూని పెట్టు. ఆఁ, అదీ. నీ చేతిలో ఏదో ఉందవ్వా."

ఆ మాటకి ఆమె పొంగిపోయింది. మనిషి మెచ్చి మూడేళ్ళయింది మరి. నలభై ఏళ్ళు వెదురు మోపులు మోసి తన ఎడమ భుజం ఎంత కిందికి జారిందో ఆమెకి తెలియదు. ఎవరి వీపు వాళ్ళకి కనపడదు కదా. ఆ భుజాన్ని అంగుళం తేడా లేకుండా తానే అల్లి పెట్టింది.

ఊరేగింపుకి ముందురోజు పొద్దున్నే మెడకట్టు సరిచూద్దామని కొట్టానికి వచ్చింది. ఎవరూ లేరు. వెనక గది తలుపు తీసి ఉంది. మెడ కొలత కోసం గుడ్డ ఎత్తి చూసింది.

తన మొహమే. పై పెదవి మీద పుట్టుమచ్చ, తాంబూలంతో నల్లబడ్డ పళ్ళు, ముందు పన్ను ఊడిన సందు, కుడి కన్ను కింద వేలాడే సంచి. సందులోంచి నాలుక మూరెడు బయటికి వేలాడుతోంది. నోట్లో ఒక పసిపిల్లాడి కాలు ఇరుక్కుని ఉంది. విరాతకి పనితనం లేదని ఎవరూ అనలేరు. చాలా బాగా చేశాడు.

ఆమె గుడ్డ మళ్ళీ కప్పింది. ఏడవలేదు. పోనీ, అనుకుంది. మొహం పోతే పోయింది, దార్స కాలితే అదే పదివేలు. అనుకుని మధ్యాహ్నం సభకి పోయి జాబితా వింది. ఇరవై మూడు పేర్లు చదివాడు సుతెజ. కాయితం మడిచేశాడు.

"పెద్దయ్యా, దార్స పేరు మర్చిపోయారేమో."

"మర్చిపోలేదు. సంఘం ఒప్పుకోలేదు."

"మీరు చూస్తానన్నారు కదా."

"చూశాను కదా. ఒప్పుకోలేదు," అన్నాడు సుతెజ. "ఇంకా నయం, అల్లికకి రానిచ్చాం నిన్ను. దాంతో సంతోషపడు."

ఎవరో ఆడమనిషి కిసుక్కున నవ్వింది. "మొగుణ్ణి మింగింది, ఇప్పుడు తగలెట్టమంటంది," అంది ఇంకొకతె.

ఇంటికి పోయే దారిలో రస్మిని నాలుగు దారుల కూడలి దగ్గర ఆగిపోయింది. పాడెగోపురాన్ని ఈ కూడలిలోనే మూడు చుట్లు తిప్పుతారు, ఆత్మకి వెనక్కి దారి తెలియకుండా. రాక్షసి బొమ్మనీ ఇక్కడే మూడు చుట్లు తిప్పుతారు. దానికీ కంచుతాళాలే, దీనికీ కంచుతాళాలే. మోసేవి ఆ భుజాలే. రెంటినీ తీసుకుపోయి కాల్చేది ఆ శ్మశానంలోనే. దహనానికి ఎముకలు దొరకనివాళ్ళకి ఏం చేస్తారు? తాటాకు మీద మనిషి బొమ్మ గీసి, పేరు రాసి, అతను పడుకున్న మన్ను గుప్పెడు దానితో కట్టి కాలుస్తారు. అదే ఒళ్ళు, అదే మనిషి.

ఆమెకి నవ్వొచ్చింది. మూడేళ్ళలో మొదటిసారి గట్టిగా నవ్వింది. చూసినవాళ్ళు పక్కకి తప్పుకున్నారు.

ఆ సాయంత్రం మురుక్కాలవ పక్కన, మొగుణ్ణి పాతిన చోట తలవైపు మన్ను తీసుకుంది. తాటాకు మీద దార్సని గీసింది, అతని వెడల్పు చెవులతో సహా. పూజారి గీయాల్సిన బొమ్మ ఆమె గీసింది, మంత్రాలు లేవు, అయినా గీసింది. తెల్లగుడ్డలో చుట్టి కొట్టానికి తెచ్చింది. "రొమ్ము కింద అల్లిక వదులయింది, బిగిస్తా," అంటే కుర్రాళ్ళు ఊఁ కొట్టారు. మొహం సంగతి తెలియక ఇంకా పని చేసుకుంటోందని వాళ్ళకి ఒకటే నవ్వు. ఎడమ రొమ్ము కింద సందులోంచి దార్సని లోపలికి, గుండె ఉండాల్సిన చోటికి తోసింది. సందుని మూసి అల్లింది. వేలు కాదు, సూది కూడా దూరనంత బిగువుగా. పైన మళ్ళీ ఏడు పొరల కాయితం.

మర్నాడు పొద్దువాలాక మొహం మెడ మీదికెక్కింది, గుడ్డ లాగేశారు. వాడ వాడంతా విరగబడి నవ్వింది. పిల్లలు రాక్షసిని చూపించి, రస్మినిని చూపించి, మళ్ళీ రాక్షసిని చూపించారు. పసివాణ్ణి పోగొట్టుకున్న పక్కింటామె ముందుకొచ్చి బొమ్మ మొహాన ఉమ్మేసింది. తరవాత అసలు మొహం మీదా ఉమ్మేసింది.

రస్మిని తుడుచుకుంది. తెల్లబట్ట కట్టుకుని, చెంబుతో నీళ్ళు పట్టుకుని బొమ్మ వెనకాలే నడిచింది.

"తన శవం వెనకాల తానే పోతందిరోయ్!"

"అవ్వా, ఏడవ్వే! చచ్చింది నువ్వే కదా!"

ఆమె ఏడిచింది కూడా. వాళ్ళు అడిగారని కాదు, ఏడవాల్సిన చోటు అదే కాబట్టి. కూడలిలో ముప్ఫై మంది భుజాల మీద బొమ్మ గిర్రున తిరుగుతుంటే ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టింది. తాళాలు చెవులు బద్దలయ్యేలా మోగాయి. ఏ రాజుగారి దహనానికి కూడా అంత మంది ఉండరు. పోయే మారాజా, పో, అనుకుంది. నిన్ను వెలి వేసినవాళ్ళే మోస్తున్నారు చూడు.

శ్మశానం దగ్గర బొమ్మని దించారు. కొబ్బరిడొక్కల కాగడా వెలిగించారు. అప్పుడే జనాన్ని తోసుకుంటూ సుతెజ వచ్చాడు, పక్కన ఎర్రచొక్కా పెద్దమనిషి ఒకాయన.

"ఆపండ్రా! మనకే మొదటి బహుమానం!"

ఈలలు, కేకలు. ఎర్రచొక్కా ఆయన బొమ్మ చుట్టూ తిరిగి, నడుం మీద చెయ్యి వేసి నిమిరాడు. చెరువు గట్టున ఆయనకి పెద్ద కాఫీ హోటలుంది, దేశదేశాల వాళ్ళు వస్తారు.

"ఈ అల్లిక కాల్చేస్తారా? మీకేమన్నా పిచ్చా? ఒక్క మేకు లేదయ్యా దీంట్లో! నా హోటలు ముందు పెట్టుకుంటా, ఇచ్చెయ్యండి."

"మరి ఆనవాయితీ?" అన్నాడు విరాత.

"రవ్వంత కాలిస్తే తీరిపోద్ది," అన్నాడు సుతెజ. తల మీంచి పిడికెడు నల్లనార కోసి కాగడాకి అందించాడు. అది చిటపటమని ఓ క్షణం మండి ఆరిపోయింది. అయిపోయింది ఆనవాయితీ.

రస్మిని చెంబు వదిలేసి వాళ్ళ కాళ్ళ మధ్యకి దూరింది. "కాల్చండయ్యా! నన్నే కదా చేశారు! కాల్చండి! ఉంచితే నేను మీ అందర్నీ తింటా, కాల్చండి!"

జనం కడుపులు పట్టుకుని నవ్వారు. "చూశావా, తనని తగలెట్టమని తానే ఏడుస్తంది!"

లోపల ఏముందో ఒక్క మాట చెబితే చాలు. కానీ శ్మశానం మన్ను రాక్షసి గుండెలో పెట్టి అల్లానని చెబితే అది చేతబడి కాక ఏమవుతుంది? దార్సని బయటికి లాగి మురుక్కాలవలో కలిపేస్తారు. ఆమె నోరు మూసుకుంది. ఏరు దాటి తెప్ప తగలేసేవాళ్ళని అందరం చూశాం. తగలెయ్యమని తెప్పే బతిమాలినా తగలెయ్యనివాళ్ళు వీళ్ళు. ఆమె అల్లిక కొంచెం నాసిగా ఉంటే చాలు, ఈపాటికి దార్స బూడిదై సముద్రంలో కలిసేవాడు. తన వేలితో తన కన్నే పొడుచుకుంది.

మర్నాడు న్యెపి. ఆ రోజు ద్వీపమంతటా పొయ్యి వెలగదు, మనిషి గడప దాటడు, మాట పైకి రాదు. రస్మినికి అందులో కొత్తేమీ లేదు. నిప్పు ముట్టకూడని ఆ ఒక్కరోజూ అగ్గిపెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ మర్నాడు లారీ వచ్చి బొమ్మని తీసుకుపోయింది.

పదో రోజున ఆమె చెరువు గట్టుకి నడిచిపోయింది. పూట నడక. హోటలు ముందు, మెట్ల పక్కన, రాక్షసి నిలబడి ఉంది. దాని పక్కన నిలబడి తెల్లవాళ్ళు నాలుకలు చాపి ఫొటోలు దిగుతున్నారు. ఒక పిల్ల బొమ్మ ఎడమ రొమ్ము పట్టుకుని ఊపుతోంది. అక్కడే దార్స ఉన్నాడు.

రస్మిని జనం పలచబడేదాకా ఆగింది. బొమ్మ కాళ్ళ దగ్గర కూర్చుంది. అగ్గిపుల్ల గీసి, కిందిదాకా వేలాడే జుట్టు నారకి అంటించింది. నార నల్లబడింది, ఏదో మందు వాసన కొట్టింది, ఆరిపోయింది. రెండో పుల్ల గీసింది. ఆరిపోయింది. మూడోది అరటిపట్టకే నేరుగా పెట్టి వేళ్ళు కాలేదాకా పట్టుకుంది. చర్మం మీద మచ్చ పడింది, అంతే.

ఎర్రచొక్కా ఆయన పరిగెత్తుకొచ్చాడు. కోపంగా నోరు తెరిచినవాడు ఆమె మొహం చూసి, బొమ్మ మొహం చూసి, పకపకా నవ్వేశాడు.

"ఓహో, నువ్వేనా అవ్వా! అంటదులే. హోటలు కదా, రూలుంది. నిప్పంటుకోని మందు మూడు పూతలు కొట్టించాం. చెదలు మందు కూడా. వందేళ్ళయినా దీనికి చావు లేదు."

తరవాత ఆమె భుజం పట్టుకుని లేపి, బొమ్మ పక్కన నిలబెట్టి, అటు తిరిగి తెల్లవాళ్ళని రమ్మని చెయ్యి ఊపాడు. వాళ్ళు చప్పట్లు కొడుతూ వచ్చారు. ఫొటో బాగా రావాలని ఆమెని ఇంకొంచెం దగ్గరికి జరగమన్నారు. ఆమె జరిగింది. చెవి బొమ్మ ఎడమ రొమ్ముకి తగిలింది. అక్కడే తల ఆనించి, వాళ్ళు చాలనేదాకా అలాగే నిలబడింది.