అడుగున పడిన రెండో చీటీ

నేను ఒక రేకు డబ్బాను. పుట్టింది హైదరాబాదు శివార్లలోని ఓ కార్ఖానాలో. నిండా బిస్కెట్లతో పాలమూరు వైపు ఒక చిన్న పట్నానికి వచ్చాను. బిస్కెట్లు అయిపోయాక కిరాణా కొట్టు యజమాని నన్ను అటక మీద పడేశాడు. లోపలున్నది అయిపోగానే మనుషులకు డబ్బా మీద ప్రేమ కూడా అయిపోతుంది. అక్కడి నుంచి నన్ను అడిగి తెచ్చుకున్నది డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పే హైమవతి మేడం.

ల్యాబుకు రంగు పూసలు కావాలని ఆమె మూడేళ్లు కాగితాలు పెట్టింది. రాలేదు. విసుగొచ్చి రెండు వందల చింతగింజలు తెచ్చి, సగానికి సున్నం పూయించింది. పూసింది అటెండరు బాలమణి. ఆనాటి నుంచి సంభావ్యత పాఠమంటే నేనూ, ఆ గింజలూ, బాలమణి చేతులూ.

మేడం పాఠం మొదలుపెట్టే తీరు నాకు భలే ఇష్టం. ముందు నల్లవి పోయించేది, పైన తెల్లవి. కదపకుండానే ఎవరినో ఒకరిని పిలిచి, కళ్లు మూసుకుని పది తీయమనేది. పదీ తెల్లవే. క్లాసు గొల్లుమనేది. సగం నల్లవున్నా ఒక్కటీ రాలేదేమని అడిగేది మేడం. అప్పుడు బాలమణి నాకు మూత పెట్టి, రెండు చేతులా పట్టుకుని, బోర్లించి మరీ ఇరవైసార్లు కుదిపేది. ఈసారి తీస్తే నాలుగో ఐదో ఆరో నల్లవి వచ్చేవి. కళ్లు మూసుకున్నంత మాత్రాన సరిపోదు, బాగా కలిపితేనే ప్రతి గింజకూ సమానమైన అవకాశం అని ఆమె ఏటేటా చెప్పేది. పిల్లలు రాసుకునేవారు. బాలమణికి రాసుకోకుండానే వచ్చేసింది.

అలా రాసుకున్నవాళ్లలో జనార్దన్ ఒకడు. క్లాసులో అందరికన్నా ఎక్కువ మార్కులు అతనివే. పెద్దవాడై, ఊరి బయట ఆడపిల్లల కోసం కొత్తగా తెరిచిన హాస్టల్ బడికి కార్యదర్శి అయ్యాడు. సీట్లు ఇరవై, దరఖాస్తులు ఎనభై నాలుగు. లాటరీ తీద్దామనుకోగానే అతనికి నేను గుర్తొచ్చాను. పాఠం గుర్తు రాలేదు.

దరఖాస్తుల్లో రెండో నంబరు బాలమణి మనవరాలు అక్షితది. బాలమణి కొడుకూ కోడలూ పూణెలో కట్టడం పనికి వెళతారు. హాస్టల్లో సీటొస్తే పిల్లను ఇక్కడే ఉంచుతానని, రాకపోతే దాని చంటి తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి వెంట తీసుకెళతానని కొడుకు తేల్చి చెప్పాడు. తన దగ్గర వదలమని ఆమె బతిమాలితే, పొద్దస్తమానం కాలేజీలో ఉండేదానివి నువ్వేం చూస్తావన్నాడు. అందుకే దరఖాస్తుల రోజు అందరికన్నా ముందే వెళ్లి వరుసలో నిలబడింది. ఆమెకు ముందు ఒక్కరే ఉన్నారు.

లాటరీ రోజు బడి వరండాలో నన్ను బల్ల మీద పెట్టారు. గుమాస్తా ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టి, పైకి చదివి, చీటీ మడిచి నాలో వేశాడు. రెండో చీటీ నా అడుగుకు చేరింది. దాని మీద ఎనభై రెండు చీటీలు పడ్డాయి. ముందొచ్చిన పాపానికి అడుగున పడింది. జనార్దన్ జేబురుమాలుతో కళ్లకు గంతలు కట్టించుకుంటే జనం మెచ్చుకున్నారు.

గుంపులోంచి బాలమణి ముందుకొచ్చింది. “సారూ, జర డబ్బా కుదుపుండ్రి. చీటీలు వరుసగ పడ్డయి,” అంది.

జనార్దన్ నవ్వాడు. “నా కండ్లు కట్టిండ్రు కదమ్మా. ఇంక మోసం ఎట్లయితది?”

మోసమని ఆమె అననే లేదు. కానీ ఆ మాటతో అందరూ ఆమె వైపు తిరిగారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆమె వెనక్కి తగ్గింది. నేనేం చేయను? చేతులుంటే నన్ను నేనే బోర్లించుకునేదాన్ని. ఎవరి మోచెయ్యైనా తగిలి కింద పడితే బాగుండునని చూశాను. బల్ల గట్టిది. చీటీలు పైపైనే పోతుంటే, అడుగున ఆ ఒక్కదాన్ని మోస్తూ ఏడుపొచ్చినా ఏడవలేక కూర్చున్నాను.

ఇరవై నంబర్లు గోడకు అంటించారు. యాభై లోపుది ఒక్కటీ లేదు. అది చూసి హైమవతి మేడం నిలువునా నీరైపోయింది. జనార్దన్ దగ్గరికి వెళ్లి మళ్లీ తీయమంది. సంతకాలైపోయాయనీ, సీటొచ్చిన పిల్లలకు ఇప్పుడు రాలేదని ఎలా చెప్పమంటారనీ అతనన్నాడు. ఆ పిల్లల తప్పు కూడా ఏమీ లేదు. మేడం నన్ను తీసుకుని కాలేజీకి తిరిగొచ్చింది.

మర్నాడు ల్యాబులో మేడం ఎనభై నాలుగు కాగితం ముక్కలకు నంబర్లేసి నాలో పోసింది. ఎందుకో ఆమెకే తెలియాలి. బాలమణి కుదిపింది. ఇరవైసార్లు దాటినా ఆపలేదు. నా మూత అంచు అరచేతిని గీరినా ఆపలేదు. చివరికి మేడమే ఆపి, ఒక్కొక్కటిగా ఇరవై తీసింది. ఏడు వచ్చింది, డెబ్బై వచ్చింది, ముప్ఫై మూడు వచ్చింది. రెండు రాలేదు.

మేడం ఇంకోసారి తీయబోతే బాలమణి వద్దంది. “గిట్ల రాకపోతె బాధ లేకుండె మేడం. కుదిపిండ్రు, రాలే అనుకుందు. పొల్లకు గూడ గదే చెప్పుకుందు.”

ఆదివారం అక్షిత తమ్ముణ్ణి చంకనేసుకుని పూణె బస్సెక్కింది.

ఇప్పుడు పాఠమంతా కంప్యూటరులోనే. నేను ఖాళీగా బీరువా మీద ఉంటున్నాను. వారానికోసారి బాలమణి నన్ను దించి దుమ్ము తుడుస్తుంది. మూత పెట్టి, మళ్లీ పైన పెట్టేముందు ఒకసారి కుదుపుతుంది. లోపల ఏమీ లేదని మా ఇద్దరికీ తెలుసు.